గుచ్చిన చెయ్యి ఎవరిది?

కరీంనగర్ టవర్ సర్కిల్‌లో పొద్దున తొమ్మిది దాటింది. షటర్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. బట్టల దుకాణాల వరస దాటి సందు మలుపు తిరిగితే, మెట్టు మీద గంప దించుకొని ఒకామె కూర్చుని ఉంది. వంగి గంపలోకి చూడండి. పిన్నీసులు, దువ్వెనలు, సూదులు, దబ్బనాలు, మొలతాళ్ళు, బొట్టుబిళ్ళలు, ఓ పక్కన కవర్లలో కట్టిన చిట్టిపూసలు. ఊళ్ళలో ఈమెను పూసలామె అంటారు. పూసలవాళ్ళు తరతరాలుగా గడపగడపకూ మోసుకెళ్ళి అమ్మిన సరుకిది. చేతిలో డబ్బు ఆడని ఇళ్ళలో రాలిన తలవెంట్రుకలు తీసుకొని, బదులుగా సూదులో పూసలో ఇచ్చిపోయేవాళ్ళు. ఆ వెంట్రుకలు సవరాలయ్యేవి.

"ఏం గావాలె బిడ్డా?"

"చిట్టిపూసలు సూపియ్యి అవ్వా. ఉట్నూరు దిక్కు పోతున్నం, జాతరకు."

"అట్లయితె జరన్ని ఎక్కువనే తీస్కపో. ఆడ తండాలల్ల ఎన్ని తీస్కపోయినా మిగలయి."

ఎర్రవి, పచ్చవి, పసుపువి, తెల్లవి పొట్లాలు కట్టింది. కట్టేముందు ఒక పూస తీసి పంటికి తాటించింది. "ఇది గాజుది. టక్కుమంటది. పిలాస్టికుదైతె మెత్తగ తాకుతది." మీరూ తాటించి చూడండి. తేడా తెలుస్తుంది.

పొట్లాలు సంచిలో వేసుకొని బయల్దేరండి. చొప్పదండి, ధర్మారం దాటాక వెల్గటూరు దగ్గర పెద్దరోడ్డు వదిలి గోదావరి వైపు మళ్ళితే కోటిలింగాల. ఒడ్డున గుడి, గుడి కింద నీళ్ళు. మొదటి శాతవాహన రాజు సిముకుని నాణేలు దొరికి, తెలుగు నేల చరిత్రను వెనక్కి జరిపిన ఊరిది. ఇక్కడా, పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరులోనూ, ధూళికట్టలోనూ తవ్వకాలు జరిగినప్పుడు ఇటుక గోడలు, బావులు, నాణేల కుండలతో పాటు పూసలూ బయటపడ్డాయి. పెద్దబంకూరులో ఒక్కచోటే ఇరవై వేలకు పైగా నాణేలు దొరకడంతో పేరంతా వాటికే వచ్చింది. మట్టిపూసలు, రాతిపూసలు జాబితాల చివరికి చేరాయి. రాజు పేరు నాణెం మీద ఉంది. పూస మీద ఎవరి పేరూ లేదు.

ఈ ఒడ్డునే కాసేపు కూర్చోండి. పూస ఇక్కడినుంచి ఎంత దూరం పోయిందో తెలిస్తేనే, సాయంత్రం చూడబోయేది అర్థమవుతుంది.

గాజుపూస చేయడంలో దక్షిణాది వాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. కరిగిన గాజుముద్దను పొడవాటి ఇనుప గొట్టానికి పట్టించి, కొలిమికి అవతలి కన్నంలోంచి కొక్కెంతో అందుకొని సన్నటి గొట్టంగా లాగుతారు. మధ్యలో బోలు ఉండిపోతుంది. అదే పూసకు కన్నం. లాగిన గొట్టాన్ని చిన్నచిన్న ముక్కలుగా కొట్టి, బూడిద కలిపి పెనం మీద కాలిస్తే అంచులు గుండ్రమవుతాయి. గుడిమల్లం దగ్గరి పాపానాయుడుపేటలో ఈ పని 20వ శతాబ్దం చివరి దాకా సాగింది. అమెరికాకు చెందిన పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ అక్కడికి వచ్చి చూశాడు. పుదుచ్చేరి పక్కన అరికమేడులో రెండు వేల ఏళ్ళ కింద పూసలు చేసిన తీరుకు ఇదే వారసత్వమని రాశాడు.

ఈ రకం పూసలు సముద్రం దాటాయి. తూర్పున ఇండోనేషియా దాకా, పడమట ఆఫ్రికా దాకా. దక్షిణాఫ్రికాలో లింపోపో నది దగ్గర మపుంగుబ్వే, కె2 అనే పాత ఊళ్ళున్నాయి. దాదాపు వెయ్యేళ్ళ కిందటి ఆ పొరల్లో గాజుపూసలు వేలల్లో దొరికాయి. ఆ గాజును పరీక్షిస్తే వాటిలో కొన్ని రకాలు దక్షిణాసియా గాజుతో చేసినవని తేలింది. అటునుంచి దంతం, బంగారం వచ్చాయి. ఇటునుంచి పూసలు, నూలుబట్టలు వెళ్ళాయి.

అయితే కె2 వాళ్ళు వచ్చిన పూసను వచ్చినట్టే వేసుకొని ఊరుకోలేదు. చిట్టిపూసలను మట్టి అచ్చుల్లో పోసి, కరిగించి, తమకు నచ్చిన లావుపాటి పూసలుగా మళ్ళీ పోతపోశారు. ఆ అచ్చులు కూడా తవ్వకాల్లో దొరికాయి. సరుకు పరాయిది. దాన్ని ఏం చేయాలన్న తీర్మానం మాత్రం వాళ్ళది. నల్లజాతి పూసల కళను గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదే.

తర్వాతి కాలం చేదుది. యూరప్ ఓడలు వెనిస్ పూసలు పోసి పశ్చిమాఫ్రికా తీరంలో మనుషుల్ని కొన్నాయి. మాల్దీవుల గవ్వలు కూడా ఆ బేరంలో డబ్బుగా చెల్లాయి. తన వాళ్ళను అమ్మిన సొమ్ములోంచే ఆఫ్రికా మనిషి తన దేవుణ్ణీ రాజునూ అలంకరించుకున్నాడు. నైజీరియాలో యోరుబా రాజు కిరీటం నుంచి పూసల తెర వేలాడి ముఖాన్ని కప్పేస్తుంది. రాజు కళ్ళలోకి మామూలు మనిషి సూటిగా చూడకూడదు.

మనకూ ఈ కథలో వాటా ఉంది. గుజరాత్‌లో రతన్‌పూర్ గుట్ట మీద బావా గోర్ దర్గా ఉంది. ఆయన అబిసీనియా నుంచి వచ్చిన హబ్షీ అని, అకీకు రాళ్ళను పూసలుగా మలిచే పని ఆయన చలవేనని అక్కడివాళ్ళ నమ్మకం. దర్గా బాగోగులు చూసేది ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు. మన హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ క్యావల్రీ, నిజాం కొలువులోని ఆఫ్రికా ఆశ్వికదళం. పూసా, మనిషీ రెండు వైపులా ప్రయాణం చేశారు.

లేవండి, పొద్దెక్కుతోంది. రాయపట్నం వంతెన మీద గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. లక్షెట్టిపేట, దండేపల్లి, జన్నారం. అక్కడినుంచి కవ్వాల్ అడవి. టేకుచెట్ల మధ్య రోడ్డు మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది. ఉట్నూరు చేరేముందు కుడివైపు మట్టిబాటలో ఒక తండా.

వాకిట్లో గోనెపట్టా పరుచుకొని అరవై దాటిన ఒక లంబాడా ఆమె కూర్చుని ఉంది. ముంజేతి నుంచి దండచేతి దాకా తెల్లటి బలియా గాజులు, చెంపల పక్కన వేలాడే ఘుగ్రీలు. ఒళ్ళో మనవరాలి పెళ్ళికి కుడుతున్న కాంచళి రవిక.

"రామ్ రామ్ యాడీ." లంబాడీలో యాడి అంటే అమ్మ.

"రామ్ రామ్. కూసో బిడ్డా."

పొట్లాలు ముందు పెట్టండి. ఆమె విప్పి, వేలితో కలిపి, ఎర్రవాటిని పక్కకు జరుపుతుంది. స్టీలు పళ్ళెంలో మడతబట్ట వేసి దాని మీద పోస్తుంది, దొర్లిపోకుండా. దారం కొసకు మైనం రాసి, పెదవుల మధ్య తడిపి, కంటికి దూరంగా పట్టుకొని సూదిలోకి ఎక్కిస్తుంది. ఇక చూడండి. పూసను వేళ్ళతో పట్టుకొని సూదికి గుచ్చడం ఉండదు. కుప్పలో సూదిని ఆడిస్తుంది, పూసలే ఎక్కుతాయి. నాలుగెక్కితే రెండు దులిపేస్తుంది. "ఏక్, ది, తీన్..." లంబాడీలో లెక్క నడుస్తోంది. మూడు ఎరుపు, ఒక తెలుపు, మళ్ళీ మూడు ఎరుపు. వరస బట్ట మీద పరిచి, రెండేసి పూసల మధ్య అడ్డంగా ఒక కుట్టు వేసి బిగిస్తుంది. వరస పక్కన అద్దంబిళ్ళ, అద్దం చుట్టూ దారపు గోడ. అంచున గవ్వలు, వాటి కింద ఊలు కుచ్చులు.

ఒకచోట తెల్లపూస ఒకటి ఎక్కువ పడింది. ఆమె కుట్టు విప్పలేదు. చిన్న పటకారు తీసుకొని ఆ ఒక్క పూసను చిట్లగొట్టింది. గాజుపొడి ఊదేసింది. దారం తెగలేదు, వరస సరిపోయింది. మళ్ళీ లెక్క మొదలైంది.

"ముగ్గు చూసి కుడుతవా యాడీ? గీసుకుంటవా?"

"గీసుడేంది? మా అమ్మ కుట్టంగ చూసిన. తర్వాత నాకెట్ల తోస్తె అట్ల కుట్టిన."

"ఎన్ని రోజులు పడ్తది?"

"లెక్కేడిది? పత్తి ఏరుడు లేనప్పుడు కుడుత. పొద్దుమూకితె కండ్లు ఆనయి."

"అమ్మితె ఏమొస్తది?"

ఆమె తల ఎత్తలేదు. "పూసల పైసలిస్తరు, దారం పైసలిస్తరు. చేతుల పైసలు ఎవలిస్తరు?"

మనవరాలు ఉట్నూరులో డిగ్రీ చదువుతోంది. జీన్స్ ప్యాంటు, చేతిలో ఫోను. "తీజ్ పండుగకు వేసుకుంట. ఫోటోలు మస్తు వస్తయి. రోజూ వేసుకుంటె బరువు అన్నా, బస్సుల ఎక్కొస్తదా?" న్యాయమైన మాటే. ఫేటియా లంగా, కాంచళి, టుక్రి ముసుగు మూడూ వేసుకొని పత్తి చేనులో ఒంగి పనిచేసిన తరం వేరు.

ఇప్పుడు ఈ వాకిట్లో కూర్చునే ఇంకో ఇల్లు తలుచుకుందాం. అమెరికాలో బాల్టిమోర్ నగరం. ఎలిజబెత్ టాల్ఫర్డ్ స్కాట్ అనే నల్లజాతి తల్లి దక్షిణ కరోలినాలో కౌలు వ్యవసాయం చేసుకునే కుటుంబంలో పుట్టింది. బొంతలు కుట్టడం ఇంట్లోనే నేర్చుకుంది. 1948లో పుట్టిన ఆమె కూతురు జాయిస్ స్కాట్ తల్లి ఒళ్ళోనే సూది పట్టింది. తర్వాత అమెరికా ఆదివాసుల దగ్గర ఉన్న ఒక అల్లిక నేర్చుకుంది. అందులో కింద బట్ట ఉండదు, చట్రం ఉండదు. పూసకు పూసను దారంతోనే ముడివేస్తూ పోతారు. కాబట్టి పూసల పని గోడకు అతుక్కోకుండా బొమ్మలా లేచి నిలబడుతుంది.

ఆ బొమ్మల్లో జాయిస్ ఏం చెప్పింది? 1991లో లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్‌ను చితకబాదితే, ఆ సంగతి పూసల్లో చెప్పింది. నల్లవాళ్ళను చెట్లకు ఉరితీసిన రోజులను చెప్పింది. తెల్లవాళ్ళ పిల్లల్ని సాకిన నల్ల ఆయాలను చెప్పింది. తళతళలాడుతున్నాయని దగ్గరికి వస్తారు, వచ్చాక తప్పించుకోలేరు. 2016లో ఆమెకు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. 2024లో బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ ఆమె యాభై ఏళ్ళ పనినంతా ఒకచోట పెట్టి చూపింది.

జాయిస్ సూదికీ ఈ యాడి సూదికీ నేర్పులో పెద్ద తేడా లేదు. లెక్క అదే, ఓపిక అదే, తల్లి నుంచి వచ్చిన తీరూ అదే. ఆమె పనికింద పేరుంటుంది, ఈమె పనికింద 'లంబాడా దుస్తులు' అని ఉంటుంది. ఆమె ఇవాళ్టి సంగతి కుడితే కళ అంటారు. ఈమె కుట్టింది ఎప్పటిదైనా 'సంప్రదాయం' అయిపోతుంది.

"యాడీ, ఎప్పుడన్నా నీ మనసులది ఏదన్నా కుట్టినవా? పండుగది గాకుండ?"

కాసేపు ఆలోచించి లోపలికి వెళ్ళి ఒక సంచి తెచ్చింది. గవ్వల అంచు, అద్దాలు అన్నీ మామూలే. మధ్యలో మాత్రం నీలంపూసలతో ఒక నిలువు గీత, పక్కన చిన్న చతురం. "బోరింగు. మా తండాల మొదటిసారి బోరు పడ్డ యేడు కుట్టిన." నవ్వి మళ్ళీ మడతపెట్టేసింది. ఆ సంచిని ఆమె ఎప్పుడూ అమ్మకానికి పెట్టలేదు. ఎవరూ అడగనూ లేదు.

పొద్దు వాలకముందే కేస్లాపూర్ చేరాలి. ఉట్నూరు నుంచి ఇంద్రవెల్లి దారి పట్టండి. 1981 ఏప్రిల్ 20 పోలీసు కాల్పుల్లో చనిపోయిన గిరిజనుల స్తూపం దాటాక కేస్లాపూర్ మలుపు. పుష్య అమావాస్య. నాగోబా జాతర. గోండుల్లో మెస్రం వంశం వాళ్ళు కాలినడకన వెళ్ళి, జన్నారం దగ్గరి హస్తినమడుగులో గోదావరి నీళ్ళు ముంచుకొని తిరిగొచ్చారు. మర్రిచెట్ల కింద ఎడ్లబండ్లు విప్పారు. పొయ్యిల పొగ, ఎడ్ల మెడల గంటలు, కాలికొం బూర చప్పుడు. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళు తెల్లచీరల్లో, ముసుగులేసుకొని, దేవుడికి భేటీ కావడానికి వరసలో నిలబడి ఉన్నారు.

గుడి నుంచి అంగళ్ళ వైపు నడవండి. జిలేబి, ఖాజా, ఇనుపసామాను, దుప్పట్లు. వాటి మధ్య పూసల అంగడి. పట్టా మీద రంగురంగుల పేటలు, చుట్టూ గోండు ఆడవాళ్ళు. చేతుల మీద, నుదుటి మీద పచ్చబొట్లు. అవి తోటి తెగ ఆడవాళ్ళు పొడిచినవి. ఒక పెద్దామె తన మెడలోంచి పాత పేట తీసి అంగడివాడి ముందు పెట్టింది. మధ్యలో వెండి రూపాయి బిళ్ళ, అరిగిపోయింది. "గీ లెక్కనే కావాలె" అంది. అతను రెడీమేడ్ పేట చూపించాడు. తల అడ్డంగా ఊపింది. విడిపూసలే కొనుక్కుంది. ఇంటికెళ్ళి తానే గుచ్చుకుంటుంది. ఏ రంగు పక్కన ఏది రావాలో అంగడివాడు చెప్పేదేంటి?

1940ల మొదట్లో మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్న మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ తీసిన ఫోటోల్లో ఇలాంటి మెడలే కనిపిస్తాయి. ఈ జాతరలో గిరిజన దర్బారు మొదలవడానికీ ఆయనే కారణం. 

దీపావళికి వచ్చి ఉంటే గోండుల ఆటల పండుగ దండారి చూసేవాళ్ళు. గుస్సాడీ వేషగాడి నెత్తిన నెమలి పింఛాల టోపీ ఎక్కుతుంది. అద్దాలు, రంగుదారాలు, కొమ్ములు. ఒంటికి బూడిద, భుజాన జంతుచర్మం, మెడలో పూసలదండలు, నడుముకూ కాళ్ళకూ గజ్జెలు. అది పెట్టుకున్నన్నాళ్ళూ అతను మామూలు మనిషి కాడు, స్నానం కూడా చేయడు. పండుగ ముగింపు పూజ కోలాబోడి అయ్యాకే టోపీ దిగుతుంది. మార్లవాయి కనకరాజుకు గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన పోయాడు.

ఈ టోపీకి సముద్రం అవతల ఒక తోబుట్టువు ఉంది. న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతి వాళ్ళు మార్డీగ్రా పండుగకు, తమ పూర్వీకులకు ఆశ్రయమిచ్చిన ఆదివాసుల గౌరవార్థం పింఛాలు, పూసల వేషాలు కడతారు. ఏడాదంతా రాత్రుళ్ళు కూర్చొని కుడతారు. మరుసటేడు మళ్ళీ కొత్తది కుట్టాల్సిందే. టూటీ మోంటానా అనే పెద్దాయన, గుంపుల మధ్య కత్తులతో సాగిన పోటీని సూదిదారాల పోటీగా మార్చాడని చెప్పుకుంటారు. 1987లో అమెరికా ప్రభుత్వం ఆయనకు జాతీయ వారసత్వ పురస్కారం ఇచ్చింది. అక్కడ వేషం కుట్టినవాడే వేషం కడతాడు. కాబట్టి పేరు కుట్టుతోపాటే నడుస్తుంది. మన దగ్గర ఆడినవాడి పేరైనా బయటికొచ్చింది. టోపీ కట్టినవాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

దక్షిణాఫ్రికాలో దీనికి దారి చూపారు. క్వాజులు-నటాల్‌లో 1999లో ఎంటోంబెఫీ ఎంటోబెలా, బెవ్ గిబ్సన్ అనే ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఉబుహ్లే అనే చిన్న సంఘం పెట్టారు. పల్లె ఆడవాళ్ళకు చేతిలో ఉన్న పూసల పనినే బతుకుతెరువు చేయాలన్నది లెక్క. నల్లబట్టను చట్రానికి బిగించి అంగుళం ఖాళీ లేకుండా పూసలు కుడతారు. ఒక్కో పటానికి నెలలు పడతాయి. ఎయిడ్స్‌తో చనిపోయిన అక్కచెల్లెళ్ళ జ్ఞాపకాలనూ ఆ పూసల్లోనే కుట్టారు. 2013లో వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి అనకోస్టియా మ్యూజియం వాటిని ప్రదర్శించింది. ప్రతి పటం కిందా అది కుట్టిన ఆమె పేరు ఉంది. జులు పూసలపని అని రాసి సరిపెట్టలేదు.

మనకు గుర్తింపులు లేవని కాదు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఉషెగావ్ ఓజాల ఆదిలాబాద్ డోక్రా ఇత్తడి పోతపనికి 2018లో వచ్చింది. మంచిదే. కాని జీఐ ఊరికీ పద్ధతికీ దక్కుతుంది. మైనపు దారం చుట్టి, పోతపోసి, ఇత్తడి గజ్జెను ఆకురాయితో నునుపు చేసిన ఫలానా మనిషికి దక్కదు. పేరు లేనిచోట ధర కూడా నిలవదు. పేరున్న బొమ్మకు బేరమాడటానికి నోరు రాదు, పేరు లేనిదాన్ని కిలోల్లెక్కన అడుగుతాం.

కాబట్టి చేయాల్సినవి పెద్దపనులేం కావు. జిల్లా మ్యూజియాలూ, గిరిజన ప్రదర్శనశాలలూ ఇకమీద కొనే ప్రతి కాంచళి, ప్రతి టోపీ, ప్రతి పేట కింద చేసినవాళ్ళ పేరు, ఊరు, ఏడాది రాయాలి. కళాశాలలు తండా ఆడవాళ్ళను పండుగ డ్యాన్సుకే కాకుండా పాఠం చెప్పడానికీ పిలవాలి, గౌరవ వేతనం ఇచ్చి. బోరింగు కుట్టిన సంచి లాంటివి ఇంకెన్ని పెట్టెల్లో మడతబడి ఉన్నాయో వెతికి, కుట్టినవాళ్ళు ఒప్పుకుంటే గోడకెక్కించాలి.

మీరు చేయగలిగింది ఇంకా సులువు. వచ్చే పుష్యమాసంలో కేస్లాపూర్ వెళ్ళండి, దారిలో ఏ తండాలోనైనా ఆగండి. నచ్చింది కొనేముందు కుట్టినామె పేరడిగి రాసుకోండి. పూసల ఖరీదు, దారం ఖరీదు కరీంనగర్ అంగట్లో తెలుస్తాయి. చేతుల పైసలు ఎంతో ఆమెనే అడగండి, బేరమాడకుండా ఇవ్వండి.